శుక్రవారం మాత్రలు

పదకొండింటికి అమ్మని లోపలికి తీసుకెళ్ళారు. గంట పడుతుందన్నారు, గంట తర్వాత నన్నూ పిలుస్తారట. ఇంట్లో నువ్వేం గమనించావో నీ మాటల్లో చెప్పు చాలు, భయపడాల్సిందేం లేదు అంది డాక్టరమ్మ, డేనిష్‌లో, నెమ్మదిగా, నాకు చెవుడున్నట్టు. తలూపాను. తలూపడం నాకు బాగా వచ్చు. మా ఊరి బళ్ళో ఉన్నదే పదకొండు మందిమి, అక్కడ తొమ్మిదేళ్ళుగా తలూపుతూనే నెట్టుకొచ్చాను. కానీ ఆ తలుపు లోపల తలూపితే సరిపోదు, మాటలు కావాలి, ఆ మాటల్లో ఒకటి నేను చెప్పకూడదు. ఇందాక కారు ఆపాక, తలుపు తియ్యకుండా, స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి అమ్మ చెప్పింది: "డాన్సులో పాట తప్పానని చెప్పు, పర్లేదు, నవ్వుకుంటారు. పేర్లు మర్చిపోతానని చెప్పు. మాత్రల సంగతి మాత్రం ఎత్తకు. విన్నావా?" విన్నానన్నాను. "ఎత్తావంటే బండి నడపొద్దంటారు. మాత్రలు మింగించడానికి ఎవరో ఒకరు మనింటికి వస్తారు, ఆ బండి మన గుమ్మం ముందు ఆగడం ఊరంతా చూస్తుంది. వాళ్ళమ్మకి వచ్చినట్టే వచ్చింది దీనికీ అంటారు." అప్పుడు కూడా తలూపాను. మణికట్లకి కట్టుకున్న పట్టీలు సర్దుకుని దిగింది. ఇప్పుడు నా ఎదురుగా గోడ గడియారం, పదకొండూ మూడు. దాని కింద గది వేడిచేసే బూడిదరంగు రేడియేటరు, ఎవరో చేతి తొడుగులు ఆరేసి మర్చిపోయినట్టున్నారు, ఒకటి ఎండింది, ఒకటి ఇంకా తడిగానే ఉంది, రెండూ ఒకే రేడియేటరు మీద ఉన్నాయి, అదెలాగో.

నర్సు వచ్చి నా పక్క కుర్చీలో కూచుంది. ఓద్వా అని చొక్కా మీద రాసుంది. "ఏ ఊరమ్మా?" చెప్పాను. "ఎవరింటి పిల్లవి?" వాగుపక్క ఇల్లు అన్నాను. "ఓ, మార్యున్ కూతురివా! మీ అమ్మ పాడితే మా ద్వీపం దాకా వినపడుతుందనేవాడు మా నాన్న, మధ్యలో సముద్రం ఉన్నా సరే. నువ్వూ పాడతావా?" అవునూ కాదూ రెండూ అయ్యేట్టు తలూపాను. "మార్యున్ కూతురివేనా అసలు? నోట్లో నాలుక ఉందా? ఇదిగో బిస్కట్టు, నాలుక లేకపోయినా తినొచ్చు." నవ్వాను, ఎందుకంటే నవ్వితేనే వెళ్తుంది. వెళ్ళింది, కానీ తలుపు తీసి లోపలికే, అమ్మ దగ్గరికి. డాక్టరమ్మ డేనిష్ మనిషి కాబట్టి, అమ్మ గుర్తుపెట్టుకోవాల్సిన పదాల పట్టికలు మా ద్వీపాల భాషలో చదివేది ఓద్వా అట. దారిలో అమ్మ ఆ మాటకే నవ్వింది, డేనిష్‌లో మర్చిపోతే అది మరుపెలా అవుతుందే, అది డేనిష్, అంది. తలుపుకి గరుకు అద్దం. అద్దంలో అమ్మ ఒక ముదురు నీలం మచ్చ, కోటు విప్పలేదు. మచ్చ కదలడం లేదు. ఓద్వా గొంతు సన్నగా వస్తోంది, ఒక్కో పదానికీ మధ్య ఖాళీ, పదాలు తెలియడం లేదు కానీ ఖాళీలు తెలుస్తున్నాయి. తర్వాత పెద్ద ఖాళీ. అది అమ్మది.

ఆ ఖాళీ నాకు అలవాటే. మొదట్లో లేదు, మొదట్లో వేళ్ళే. నాకు పదకొండేళ్ళు, అమ్మ చేపల ఫ్యాక్టరీలో బల్ల దగ్గర ముళ్ళు తీసేది, అక్కడి చలికి అందరి వేళ్ళూ కొయ్యబారతాయి కాబట్టి అమ్మ వేళ్ళు వేరే రకంగా కొయ్యబారుతున్నాయని ఎవరికీ తట్టలేదు. పొద్దున్నే కుళాయి తిప్పలేకపోయేది. జాం సీసాలు నేను తీసేదాన్ని, గుండీలు నేను పెట్టేదాన్ని, పది దాటేసరికి ఏమీ జరగనట్టు కత్తి పట్టేది. వేళ్ళ కణుపులు ఉబ్బి ఎర్రగా, వెచ్చగా అయ్యేవి, ముట్టుకుంటే జ్వరం తగిలినట్టు, ఒంట్లో మిగతా చోటంతా చల్లగా ఉండి కణుపులకే జ్వరం. రుమటాయిడ్ అన్నారు, కీళ్ళవాతం. మందులు మొదలయ్యాయి, చివరికి వారానికి ఒకసారి మింగే మాత్రలు పనిచేశాయి. మూడు నెలలకోసారి డాక్టర్లు వేళ్ళు నొక్కి చూసి సంతోషపడేవాళ్ళు. వేళ్ళనే చూసేవాళ్ళు, వేళ్ళ కోసమే వెళ్ళాం కదా. ఆ సంతోషం రోజుల్లోనే అమ్మ ఒకరోజు బల్ల మీదకి చెయ్యి చాచి, అది ఇటివ్వవే, అదే, పాలు పోసేది, అంది. జగ్గా అన్నాను. నాకు తెలుసు అంది. ఆ తర్వాత మాంసం ఆరబెట్టే గాలికొట్టు తలుపు తీసి, ఎండుమాంసం కొయ్యడానికి కత్తి పట్టుకుని, నేనెందుకొచ్చాను ఇక్కడికి అని అడిగింది. కత్తి చూపించాను. నాకు తెలుసు అంది. మాట సగంలో ఆగిపోయి, ఆ సగాన్నే కాసేపు చూసి, వదిలేసేది. ఫ్యాక్టరీలో ఒక పొద్దున అంతా కాడ్ చేపల పెట్టెల మీద హాడక్ చేపల చీటీలు అంటించింది, వాళ్ళేమీ అనలేదు, మంచివాళ్ళు, తూకం దగ్గర కూచోబెట్టారు, అక్కడ అంకె అదే కనపడుతుంది కాబట్టి. అన్నీ నా డైరీలో ఉన్నాయి. మా ఊళ్ళో డైరీ అంటే ముందు గాలి ఎటునుంచో రాస్తారు, తర్వాత వాన, తర్వాత గొర్రెలు. నేనూ అలాగే రాస్తాను, చివర్లో మూలన అ అని చిన్నగా పెట్టి పక్కన అమ్మ ఆరోజు ఏం తప్పిందో రాస్తాను. ఏదో కనిపెడదామని కాదు, ఎవరితో చెప్పాలో తెలియక. ఒకరోజు వెనక్కి తిప్పుతుంటే కనిపించింది, కణుపులు ఉబ్బిన వారాల్లో అ-లు ఎక్కువ, వేళ్ళు తగ్గిన వారాల్లో అ-లు తక్కువ. ఒక వారం ఏడు, ఆ తర్వాతి వారం ఒకటి. అది చూసి డైరీ మూసేశాను, ఎవరిదో ఉత్తరం పొరపాటున చదివినట్టు అనిపించింది.

డాన్సు సంగతి చెప్పొచ్చంది, చెప్తాను. ఎలా చెప్పాలి. అది డేనిష్ డాక్టరమ్మకి తెలుసో లేదో, మా వలయం డాన్సులో వాయిద్యాలేవీ ఉండవనీ, చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతామనీ, ఎడమకి రెండడుగులు, కుడికి ఒకటి, పాట ఎంతుంటే అంతసేపూ, గంటైనా, రెండు గంటలైనా. పాట ఒకరు నడుపుతారు, పద్యం ఎత్తుకునేది వాళ్ళే, మిగిలినవాళ్ళం పల్లవికి కలుస్తాం. మా ఊళ్ళో హెర్గేర్ అనే వీరుడి పాట నడిపేది అమ్మే, నూట నలభై రెండు పద్యాలు, కాయితం లేదు, తాతయ్య నోటినుంచి అమ్మ నోటికి వచ్చింది. నాలుగేళ్ళప్పటినుంచీ అమ్మ పక్కనే వలయంలో తిరిగి తిరిగి అది నా ఒంట్లోకి కూడా వచ్చేసింది, ఎవరికీ చెప్పలేదు. ముప్ఫై ఎనిమిదో పద్యంలో రాజు లేచి బల్ల మీద చెయ్యి వేస్తాడు, వేసి హెర్గేర్‌ని యుద్ధానికి పంపుతాడు. డెబ్భై ఎనిమిదిలో హెర్గేర్ చచ్చిపోతాడు. డెబ్భై తొమ్మిదిలో రాజు మళ్ళీ లేచి బల్ల మీద చెయ్యి వేస్తాడు, అవే మాటలు, ఈసారి శవాన్ని తేవడానికి ఓడ పంపుతాడు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, డాన్సు ఇంట్లో ముప్ఫై మందిమి ఉన్నాం, నేల చెక్కలు అడుగులకి దడదడలాడుతున్నాయి, అమ్మ కుడిచెయ్యి నా చేతిలో, అమ్మ ఎడమచెయ్యి మా ఊరి హానుస్ తాత చేతిలో. అసలు చెయ్యి కాదు, హానుస్ తాత అమ్మ వేళ్ళు పట్టుకోడు, మణికట్టు పైన పట్టుకుంటాడు, ఎవరూ చెప్పకుండానే అలా పట్టుకోవడం మొదలుపెట్టాడు. హెర్గేర్ చచ్చాడు. రాజు లేచి బల్ల మీద చెయ్యి వేశాడు. వేసి, హెర్గేర్‌ని యుద్ధానికి పంపాడు.

నాకు ముందే తెలిసింది, గొంతు ఎత్తిన తీరులోనే, అది విచారంగా ఎత్తాల్సిన పద్యం, హుషారుగా ఎత్తింది. హానుస్ తాత పల్లవి కింద గొణిగాడు, "ఏమే, ఇప్పుడేగా వాణ్ణి చంపాం!" వెనకెవరో, "ఊరుకో తాతా, ఈసారైనా జాగ్రత్తగా ఉంటాడేమో" అంది. నవ్వు చేతుల గుండా వలయమంతా పాకింది, నా దాకా వచ్చింది, అమ్మ దాకా వెళ్ళలేదు. అమ్మ కళ్ళు ఎదురుగా ఎక్కడో ఉన్నాయి. ఎవరూ ఆపలేదు. ఆపరు. నడిపేవాళ్ళు ఎటు తీసుకెళ్తే అటే, ముందుకి దూకి సరైన పద్యం ఎత్తుకోవడం మా దగ్గర లేదు, అలా చేసినవాణ్ణి నలభై ఏళ్ళైనా మర్చిపోరు. కాబట్టి ముప్ఫై మందిమీ హెర్గేర్‌కి మళ్ళీ గుర్రం సిద్ధం చేశాం, మళ్ళీ వాళ్ళమ్మ దగ్గర సెలవు తీసుకున్నాం, మళ్ళీ కొండ దాటాం, నలభై పద్యాలు, దాదాపు అరగంట. ఆ అరగంటా నేను డెబ్భై తొమ్మిది గురించే ఆలోచించాను. మళ్ళీ అక్కడికే వస్తున్నాం, మళ్ళీ అవే మాటలు వస్తాయి, అమ్మ మళ్ళీ తప్పితే మళ్ళీ నలభై, ఈసారి నవ్వరు. నోరు తెరిచి నేనే ఎత్తుకుంటే? గొంతు దాకా వచ్చింది. హెర్గేర్ రెండోసారి చచ్చాడు. నేను నోరు తెరవలేదు, అమ్మ చెయ్యి నొక్కాను. ముట్టుకుంటేనే నొప్పి పుట్టే ఆ వేళ్ళని పట్టుకుని గట్టిగా నొక్కాను. అమ్మ నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది, తర్వాత డెబ్భై తొమ్మిది సరిగ్గా వచ్చింది, ఓడ బయల్దేరింది. అమ్మ కళ్ళనిండా నీళ్ళు. చూసినవాళ్ళు హెర్గేర్ కోసమే అనుకున్నారు, ఆ రోజు డాన్సు చాలా బాగుందన్నారు. కాఫీల దగ్గర హానుస్ తాత, "పాపం ఎన్నేళ్ళుగానో ప్రతిసారీ ఒక్కసారే చస్తున్నాడు, ఇవాళ వాడికి డబుల్ డ్యూటీ వేశావు మార్యున్" అన్నాడు. అమ్మ అందరికన్నా ఎక్కువ నవ్వింది. ఇంటికొచ్చాక చేతిని గోరువెచ్చటి నీళ్ళలో పెట్టుకుని, నావైపు చూడకుండా, "ఇంకెప్పుడూ నొక్కకు" అంది. పాట తప్పుతున్నావని, అన్నాను. "తప్పితే తప్పుతాను. మా నాన్న తప్పితే మేమూ తప్పే పాడేవాళ్ళం. నడిపేవాళ్ళని పక్కనుంచి సరిదిద్దకూడదు, ఆ మాత్రం తెలీదూ?" తెలుసు. ఆరోజు గాలి వాయవ్యం నుంచి, అప్పుడప్పుడూ వడగళ్ళు. మూలన అ పెట్టాను, పక్కన ఏమీ రాయలేదు.

పదకొండూ ఇరవై ఎనిమిది. అద్దంలో మచ్చకి చేతులొచ్చాయి, బల్ల మీద ఏదో గీస్తున్నట్టుంది, పెన్సిలు పట్టుకోవడం అమ్మకి కష్టం, వాళ్ళకి తెలుసా, నెమ్మదిగా గీస్తే అది వేళ్ళ వల్లా తల వల్లా అని ఎలా విడదీస్తారు. విడదీయడానికే ఇంట్లోవాళ్ళని అడుగుతారేమో. ముందు పోస్టులో ఒక ఫారం పంపారు, ఇంట్లోవాళ్ళు నింపాలని. అమ్మే నింపింది, నేను పెన్సిలు పట్టుకుని గళ్ళలో గీతలు పెట్టాను, అమ్మ చెప్తుంటే. లేదు, లేదు, లేదు, కొంచెం, లేదు. మందులు వేసుకోవడంలో పొరపాట్లు, అని ఒక గడి. లేదు అంది. నా పెన్సిలు ఒక క్షణం ఆగింది, ఆ క్షణం ఇద్దరం ఆ గడినే చూశాం. తర్వాత గీత పెట్టాను. ఇప్పుడు ఆ ఫారం లోపల డాక్టరమ్మ బల్ల మీద ఉంది, నా గీతే. నాన్నుంటే నాన్న నింపేవాడు, కానీ నాన్న గ్రీన్‌లాండ్ దగ్గర చేపలు పట్టే ట్రాలర్ ఓడ మీద ఉన్నాడు, ఫోన్లో అమ్మ నాన్నతో హుషారుగా మాట్లాడుతుంది, అంతా బావుంది, వేళ్ళు బావున్నాయి, గొర్రెలు బావున్నాయి, అంటుంది, అప్పుడు ఒక్క పదం కూడా జారదు.

మాత్రలు. చిన్నవి, పసుపుపచ్చవి, ఆరు. శుక్రవారం ఒక్కరోజే. డబ్బా మీద ఎర్రటి చీటీ ఉంది, వారానికి ఒకసారి మాత్రమే, ఎక్కువైతే ప్రమాదం అని, ఇంకొకటి అమ్మ స్వయంగా రాసి అల్మరా తలుపుకి అంటించింది, శుక్రవారం అని, పెద్ద అక్షరాలతో. ఏప్రిల్‌లో ఒక శనివారం, భోజనాలయ్యాయి, నేను గిన్నెలు కడుగుతున్నాను, అమ్మ అల్మరా తెరిచి మాత్రలు అరచేతిలో పోసుకుంది. ఆరు. నిన్న వేసుకోవడం నేను చూశాను, నిన్న రేడియోలో వాతావరణం చెప్తున్నప్పుడు, రూబార్బ్ అనే పుల్లటి కాడల రసంతో. ఇవాళ కూడా రూబార్బ్ రసమే. నా చేతులు నీళ్ళలో ఉన్నాయి. అమ్మా, నిన్న వేసుకున్నావు, ఇంతే అనాలి. ఆ మాట నోటి దాకా వచ్చింది. అమ్మకి తెలుసేమో అనుకున్నాను, డాక్టరు మార్చారేమో, నాకు చెప్పలేదేమో. అంతకన్నా, నాకు తెలుసు అంటుంది అనుకున్నాను. అంతకన్నా కూడా, నడిపేవాళ్ళని పక్కనుంచి సరిదిద్దకూడదు. మింగేసింది. గ్లాసు నాకే ఇచ్చింది కడగమని, కడిగాను. వారం తిరిగేసరికి అమ్మ నోరంతా పూసింది, పెదాల లోపల తెల్లటి పుళ్ళు, అంబలి తప్ప ఏదీ తినలేకపోయింది, మూడురోజులు పడుకునే ఉంది. జలుబు పట్టినట్టుంది అంది. నేను తలూపాను. ఆ రోజు పేజీలో గాలి ఉంది, వాన ఉంది, గొర్రెలకి పుట్టిన రెండు పిల్లలున్నాయి, అ లేదు. అ పెడితే పక్కన నేను చూస్తూ ఊరుకున్నానని కూడా రాయాలి.

రెండోసారి మేలో. ఈసారి అన్నాను, కానీ మింగాక అన్నాను, అన్నీ అయిపోయాక నాకు మాట వస్తుంది. "అమ్మా, నిన్న కూడా వేసుకున్నావు." అమ్మ డబ్బా చూసింది, చీటీ చూసింది, నన్ను చూసింది. నాకు తెలుసు అనలేదు. కుర్చీలో కూచుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది, పాత గిన్నెలు రెండు అక్కడ పెట్టినట్టు. "ఎవరికీ చెప్పకు" అంది. ఆసుపత్రికి ఫోన్ చేద్దామన్నాను. "చేస్తే ఏమంటారో తెలుసా? తెలుసు నీకు." నాకు తెలుసు, ఎందుకంటే అమ్మమ్మకి అన్నారు, మతిమరుపు జబ్బని. చివర్లో అమ్మమ్మ ముసలాళ్ళ హోంలో కిటికీ పక్కన కూచుని, వచ్చిన ప్రతివాళ్ళనీ, మీది ఏ ఇల్లమ్మా అని అడిగేది, మర్యాదగా. అమ్మ రోజూ చెప్పేది, వాగుపక్క ఇల్లు అని. అమ్మమ్మ రోజూ మురిసిపోయేది, అయ్యో, నేనూ ఒకప్పుడు అక్కడే ఉండేదాన్ని, ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరుంటున్నారు, బాగా చూసుకుంటున్నారా, అని. బాగా చూసుకుంటున్నారు అనేది అమ్మ. బయటికొచ్చాక కార్లో కాసేపు తాళం తిప్పకుండా కూచునేది. అప్పుడు నాకు ఏడేళ్ళు, నేను వెనక సీట్లో కూచునేదాన్ని. అమ్మకి భయం మాత్రల గురించి కాదు.

ఇవాళ పొద్దున సొరంగంలో. మా ఊరి సొరంగం పాతది, ఒక్క బండి పట్టేంతే, ఊరినుంచి బయటికెళ్ళేవాళ్ళదే దారి, ఊళ్ళోకి వచ్చేవాళ్ళు పక్కన తవ్విన జాగాల్లోకి తప్పుకోవాలి. అది మా ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు. ఎదురుగా లైట్లు కనిపించాయి. అమ్మ బండిని పక్క జాగాలోకి తీసి ఆపింది. ఎదుటివాళ్ళూ వాళ్ళ జాగాలో ఆగారు, ఆగాల్సింది వాళ్ళే కాబట్టి. రెండు బండ్లు, మధ్యలో ఖాళీ దారి, కప్పు నుంచి నీళ్ళు కారుతున్నాయి. అమ్మ చూస్తోంది, వాళ్ళు రావాలని. రారు. ఈసారి నేను అన్నాను, అమ్మా, దారి మనది, అని, కానీ నాకే వినపడనంత చిన్నగా. లైట్లు రెండుసార్లు వెలిగి ఆరాయి, తర్వాత హానుస్ తాత దిగి నడుచుకుంటూ వచ్చాడు, గొర్రెల దాణా కోసం పట్నం వెళ్ళొస్తున్నాడు. అద్దం మీద కొట్టాడు. "ఏమే మార్యున్, కునుకుతున్నావా? దారి నీది! ఆగాల్సింది నేను, ఆగాను కదా!" అమ్మ అద్దం దించింది. "నీ మొహం చూద్దామని ఆగాను." "చూశావుగా, ఇక కదులు. ఇక్కడే ఉంటే మనిద్దరికీ పెళ్ళి చేసేస్తారు." అమ్మ నవ్వింది, హానుస్ తాతా నవ్వాడు, తర్వాత అద్దంలోంచి నన్ను చూశాడు, నవ్వకుండా. ఏదో అడుగుతున్నట్టు చూశాడు. నేను తలూపాను, దేనికో తెలీదు. సొరంగం దాటాక వెలుతురులో చూస్తే అమ్మ మెడ వెనక అంతా చెమట. హానుస్ తాత కాబట్టి దిగొచ్చాడు. ఆగాల్సినప్పుడు అమ్మ ఆగకుండా పోయిన రోజు ఎదురుగా ఎవరుంటారో.

పదకొండూ నలభై ఆరు. చెప్పాల్సినవి నోట్లో వరసగా పెట్టుకుంటున్నాను, బళ్ళో చదవమన్నప్పుడు చేసినట్టు. పేర్లు మర్చిపోతుంది. మాట సగంలో ఆపుతుంది. చేపల చీటీలు తప్పు అంటించింది. డాన్సులో ఒకడిని రెండుసార్లు చంపింది. ఇవి చెప్పి ఆగిపోవచ్చు, ఎవరూ అబద్ధం అనలేరు, అన్నీ నిజాలే. వాళ్ళు నవ్వుతారు, అమ్మ నవ్వుతుంది, కాంటీన్‌లో చేప బర్గరు తిని ఇంటికి వెళ్తాం, సొరంగంలో దారి మాది కాదు ఈసారి, వచ్చేటప్పుడు మేమే ఆగాలి. రేపు గురువారం. ఎల్లుండి శుక్రవారం. ఆ మర్నాడు శనివారం, నాకు బడి ఉండదు కాబట్టి చూస్తూ ఉంటాను. వచ్చే శనివారం కూడా చూస్తాను. వచ్చే ఏడు పై చదువుకి పట్నం హాస్టల్‌కి వెళ్తాను, అప్పుడు శనివారాలు ఎవరు చూస్తారు. డైరీ సంచిలో ఉంది. ఇచ్చేసి, ఇది చదువుకోండి అనొచ్చు, నోరు తెరవక్కర్లేదు. కానీ అందులో మాత్రలు లేవు, ఏప్రిల్ ఆ శనివారం అందులో రెండు గొర్రెపిల్లలే ఉన్నాయి. అది నేను నోటితోనే చెప్పాలి. చెప్తే అమ్మ నన్ను ఏమీ అనదు, అది నాకు తెలుసు, తిట్టదు, అరవదు, ఇకమీదట నా ముందు మాత్రల డబ్బా తెరవదు, అంతే. రెంటికీ మధ్య ఏదో ఒక దారి ఉండాలి అనుకుంటుంటే అద్దంలో నీలం మచ్చ పక్కన తెల్ల మచ్చ లేచింది, తలుపు తెరుచుకుంది, పదకొండూ యాభై రెండే, ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి కదా.

"రా అమ్మా" అంది ఓద్వా. లోపల వేడిగా ఉంది. అమ్మ చెవులు ఎర్రగా ఉన్నాయి, కోటు అలాగే ఉంది, నన్ను చూసి, పరీక్ష రాసొచ్చిన దానిలా, "అబ్బ, ఏం ప్రశ్నలే బాబూ, పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని అడగలేదు" అంది. డాక్టరమ్మ కాయితాలు సర్దుకుని నాతో మాట్లాడింది, నాకర్థం కానివి ఓద్వా మళ్ళీ చెప్పింది. అమ్మకి పదాలన్నీ ఉన్నాయట, తీసుకోవడానికే ఎక్కువసేపు పడుతోందట, రెండు పనులు కలిపి ఇస్తే ఒకటి చేజారుతోందట. మీ అమ్మమ్మకి వచ్చిందానిలా ఇది నాకు కనిపించడం లేదు అంది. కీళ్ళ జబ్బున్న కొందరికి తల కూడా ఇలా నెమ్మదిస్తుందట, ఒంట్లో ఉన్న మంట వల్ల కావచ్చు, నొప్పి వల్ల, నిద్ర చాలక, మందుల వల్ల, ఏది ఎంతో ఒక్క గంటలో ఈ గదిలో కూచుని తనకి తెలీదట, అందుకే ఇంట్లోవాళ్ళు కావాలట. కణుపులు ఉబ్బిన వారాల్లో ఎక్కువ, అన్నాను. ఆ మాట నేను వరసలో పెట్టుకోలేదు, అదే ముందు వచ్చింది. డాక్టరమ్మ కలం తీసుకుంది. పేర్లు చెప్పాను, చీటీలు చెప్పాను, డాన్సు చెప్పాను, ఓద్వా పగలబడి నవ్వింది, అమ్మా నవ్వింది, "పల్లవి బావుంటుంది దానికి, ఇంకోసారి పాడితే ఏం పోయింది" అంది. డాక్టరమ్మ నా గీతలున్న ఫారం ముందుకి లాక్కుంది.

"మందులు? సరిగ్గా వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నాను" అంది అమ్మ. డాక్టరమ్మ నావైపు చూసింది. తలూపితే అయిపోతుంది. నా మెడ అప్పుడే కదలబోయింది, అలవాటు కొద్దీ. "రెండుసార్లు" అన్నాను. మా భాషలోనే వచ్చేసింది, గదికి సరిపోనంత పెద్దగా. "శుక్రవారం వేసుకుని శనివారం మళ్ళీ వేసుకుంది. ఏప్రిల్‌లో ఒకసారి, మేలో ఒకసారి. ఏప్రిల్‌లో నేను చూస్తూనే ఉన్నాను. ఆపలేదు."

ఓద్వా దాన్ని డేనిష్‌లో చెప్పలేదు. చెప్పాలని ఆమెకి గుర్తు రాలేదనుకుంటా. అమ్మ కిటికీ వైపు చూస్తోంది. బల్ల మీద అమ్మ చేతులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి, కణుపులు ఇవాళ ఉబ్బి ఉన్నాయి. నేను అమ్మ మొహం చూడలేదు, కోటు గుండీలు చూశాను, మూడోది నేనే పెట్టాను పొద్దున, వంకరగా పెట్టాను.

"మూడు" అంది అమ్మ, డేనిష్‌లో, ఓద్వా అవసరం లేకుండా. డాక్టరమ్మ ఎప్పుడు అని అడిగింది. "దానికి తెలీదు, అది బళ్ళో ఉంది. జనవరి పంతొమ్మిది, సోమవారం, పొద్దున తొమ్మిదింటికి, మూడు రోజుల ముందు వేసుకున్నవి మళ్ళీ వేసుకున్నాను, ఆరూ. ఆఖరుది గొంతులో ఉండగా గుర్తొచ్చింది. కక్కుదామని చూశాను, రాలేదు." ఆరోజు రేవులో ఏ పడవ సరుకు దించుతోందో చెప్పింది, తర్వాత నోరు పూసింది ఏ రోజో చెప్పింది, ఎన్నాళ్ళుందో, ఏం తిందో, ఫోను ఎన్నిసార్లు చేతిలోకి తీసుకుని పెట్టేసిందో చెప్పింది. డాక్టరమ్మ రాసుకుంటూ పోయింది. అమ్మ ఒక్క మాటకి కూడా తడుముకోలేదు.